ఒడ్డినది ఎవరి సొమ్ము?

కళాశాల వార్షిక సంచికలో జూదాన్ని గురించి వ్యాసం వ్రాయడం కమిటీ పెద్దలకు రుచిస్తుందో లేదో అని మేము కొంత తటపటాయించిన మాట నిజం. అయినా సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకే కలం పట్టినవారికి ఈ ప్రాంతంలో మరొక విషయం తోచడం కష్టం. తిరువూరు, గంపలగూడెం, నెమలి చుట్టుపట్ల పల్లెలలో ఆ మూడు రోజులూ నలుగురు కూడిన చోట వినిపించే మాట ఒక్కటే: ఏ పుంజు గెలిచింది, ఎవరెంత కాచినారు? చట్టం కూడదన్నది, న్యాయస్థానం కూడదన్నది. బరులు మాత్రం ఏటేటా వెలుస్తూనే ఉన్నవి.

నెమలి అనే ఊరి పేరు ఒక పందెపు పుంజు పేరు కూడా కావడం చమత్కారమే. కాకి, డేగ, నెమలి, పింగళ, కౌజు అని పుంజులను ఈకల రంగును బట్టి పిలుస్తారు. కుక్కుటశాస్త్రమని ఒక శాస్త్రం ఉన్నది. ఏ వారాన ఏ రంగు పుంజు ఏ రంగు దానిని గెలుస్తుందో, ఏ దిక్కు నుండి వదలవలెనో అందులో చెప్పబడి ఉంటుంది. ఊరికి ఆ పేరు పుంజు వల్ల వచ్చినదని మేము అనడం లేదు. వేణుగోపాలస్వామి కొలువైన ఊరికి ఆయన సిగలో పింఛం ధరించిన పక్షి పేరు ఉండడమే సొగసు.

అయితే మేము చెప్పదలచినది కోళ్ళ సంగతి కాదు, పందెం ముగిసిన తరువాత చెట్టు నీడన జరిగే చర్చ సంగతి. పందెం కాక ముందు 'ఏమో, చెప్పలేం' అన్న పెద్దమనిషే, ఒక పుంజు నేల కూలిన మరుక్షణంలో పండితుడవుతాడు. ఈ వారాన ఆ రంగు ఓడక ఏమవుతుందంటాడు. తూర్పుకేసి వదిలినప్పుడే తనకు తెలుసునంటాడు. శాస్త్రంలో ఉభయ పక్షాలకూ చాలినన్ని సూత్రాలు ఉన్నవి గనుక ఏది గెలిచినా ఒక సూత్రం దొరుకుతుంది. ఓడినవాడు మాత్రం శాస్త్రం జోలికి పోడు. అదృష్టం బాగులేదని ఒక్కమాట అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళతాడు.

మనం పరీక్షల కోసం చదువుకొనే చరిత్రలో చాలా భాగం ఈ చెట్టు నీడన పుట్టినదే అని మా అభిప్రాయం. గెలిచినవాడి నిర్ణయం దూరదృష్టి అవుతుంది, ఓడినవాడి నిర్ణయం మూర్ఖత్వం అవుతుంది. ఇద్దరూ ఒకే చీకటిలో చేయి చాచి పాచికలు వేసినారన్న సంగతి మరుగున పడుతుంది. దీనికి విరుగుడుగా కొందరు మరొక అంచుకు పోయి, చరిత్రంతా అదృష్టమే, ఎవరినీ ఏమీ అనడానికి లేదంటారు. ఈ రెండవ మాట మొదటి దానికంటె ప్రమాదకరమని చెప్పడానికే ఈ నాలుగు పుటలు.

మన కళాశాలలో రెండు భాషలు వినిపిస్తాయి గనుక ముందుగా రెండు మాటలను చూద్దాం. తెలుగువాడు అదృష్టం అంటాడు. కంటికి కనబడనిది అని దాని అర్థం. ఉర్దూ మాట్లాడేవాడు కిస్మత్ అంటాడు. పంపకం, వాటా, పంచగా ఒకరి వంతుకు వచ్చిన భాగం అని ఆ అరబ్బీ మాటకు మూలార్థం. ఒక మాట పాచిక ఎట్లా పడుతుందో మనకు కనబడదని చెబుతుంది. రెండవది పడిన తరువాత ఎవరి వంతుకు ఏమి వచ్చినదని అడుగుతుంది. చరిత్ర చదివేవారికి రెండూ కావలెను. మనం మొదటిదానితో ఆగిపోతున్నాం.

ఇక మన పాత కృష్ణాజిల్లాలోనే, మన సముద్రతీరాననే జరిగిన ఒక రాత్రి సంగతి.

1753లో హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగ్ తన వద్ద కొలువున్న ఫ్రెంచి సైన్యం జీతాల కొరకు ఉత్తర సర్కారులను, అనగా శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులను ఆ సేనాని బుస్సీకి వ్రాసి ఇచ్చినాడు. తనను గద్దెపై నిలిపినవాడు బుస్సీయే గనుక ఆ బేరం అతనికి లాభసాటిగానే తోచి ఉంటుంది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. ఆ కథ తెలియని తెలుగువాడు లేడు గనుక ఇక్కడ చెప్పనక్కరలేదు. ఆ తరువాత విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై అలిగి, విశాఖపట్నాన్ని వారి నుండి లాగి, ఇంగ్లీషువారిని పిలిచినాడు. మద్రాసువారు రాలేమన్నారు. బెంగాలులో ఉన్న క్లైవు సుమారు 500 మంది తెల్ల సిపాయిలను, 2,000 మంది దేశీయ సిపాయిలను ఇచ్చి కర్నలు ఫోర్డును ఓడలెక్కించినాడు. తన చేతిలో ఉన్న కొద్ది సైన్యంలో ఇంత భాగాన్ని అట్లా దూరం పంపడమే ఒక పందెం.

అదే సమయంలో అవతలి పక్షం కూడా తన పావును కదిపినది. ఫ్రెంచి గవర్నరు లాలీ బుస్సీని దక్కను నుండి వెనుకకు పిలిపించి, అతని చోట కాన్‌ఫ్లాన్ అనే అధికారిని ఉంచినాడు. ఈ దేశపు దారులూ దర్బారులూ ఎరిగినవాడు పోయి, ఎరుగనివాడు వచ్చినాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో కాన్‌ఫ్లాన్ ఓడి, చివరకు బందరు కోట చేరుకొన్నాడు. ఫోర్డు వెంటనే తరుముకొని పోవలసినది. కాని ఆనంద గజపతి ఇస్తానన్న డబ్బు ఇవ్వక వారాల తరబడి జాప్యం చేసినాడు. 1759 మార్చి మొదటివారంలో గాని ఫోర్డు బందరు ముందు నిలువలేకపోయినాడు.

అప్పటి ఫోర్డు స్థితిని విద్యార్థులు శ్రద్ధగా గమనించవలెనని మా కోరిక. బందరు కోట చుట్టూ బురదనేల. లోపల ఉన్న ఫ్రెంచి బలం బయట ఉన్న తన బలం కంటె ఎక్కువ. తన తెల్ల సిపాయిలు జీతాలు లేవని మార్చి నెలలోనే ఆయుధాలతో లేచి తిరుగబడినారు. వాగ్దానాలు చేసి వారిని శాంతింపజేయవలసి వచ్చినది. వెనుక రాజమహేంద్రవరం మళ్ళీ ఫ్రెంచివారి చేతికి పోయినది. సలాబత్ జంగ్ వేల కొలది గుర్రాలతో, కాలిబలంతో బెజవాడ వరకు వచ్చి దిగినాడు. పుదుచ్చేరి నుండి ఫ్రెంచి ఓడలు సహాయసైన్యాన్ని తీసుకొని బయలుదేరి ఉన్నవి. ఏప్రిలు 7వ తేదీన ఫిరంగుల అధికారులు వచ్చి, మందుగుండు ఇక రెండు రోజులకు మాత్రమే ఉన్నదని చెప్పినారు.

ఆ రాత్రే దాడి చేయవలెనని ఫోర్డు నిశ్చయించినాడు. అర్ధరాత్రి వేళ సముద్రపు పోటు తగ్గి కందకంలో నీరు అన్నిటికంటె తక్కువగా ఉంటుందని లెక్క కట్టుకొన్నాడు. బురదనేలలో దారి లేదని ఫ్రెంచివారు నమ్మి వదిలివేసిన నైరుతి వైపు కొంత బలాన్ని పంపి అలజడి చేయించినాడు. రాజు సైన్యం మరొక వైపు హడావిడి చేసినది. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద. చేతిలో ఉన్నది 340 మందికి మించని తెల్లవారు, వారిలో కొందరు ఓడ దిగివచ్చిన నావికులు, 1,400 మంది సిపాయిలు. తెల్లవారేసరికి కోట పడిపోయినది. పట్టుబడిన తెల్ల సిపాయిలే సుమారు 500 మంది. పట్టుకొన్నవారి కంటె పట్టుబడినవారు ఎక్కువ. వారం తిరిగేసరికి పుదుచ్చేరి ఓడలు వచ్చి, కోట పోయినదని తెలిసి గంజాం వైపు వెళ్ళిపోయినవి.

ఆ రాత్రికి సంబంధించి ఒక చిన్న ముచ్చట ఉన్నది. దాడి మొదలు కావలసిన సమయానికి కాలెండరు అనే కెప్టెను కనబడలేదు. వెదకి, వేచి చూచి, అతని చోట మరొకరిని పెట్టి బయలుదేరినారు. పోరాటం ఇంచుమించు ముగిసిన వేళ అతడు ఎక్కడి నుండియో వచ్చి తన పటాలం ముందు నిలిచినాడు. కోటలో నుండి వచ్చిన చివరి గుండ్లలో ఒకటి తగిలి అక్కడికక్కడే చనిపోయినాడు. ఆ రెండు మూడు గంటలూ అతడు ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియలేదు. అదృష్టమనే మాటకు నిజంగా చోటున్నది ఇటువంటి తావులలోనే.

మిగిలినదంతా అదృష్టమేనా? ఫోర్డు విషయంలో కాదని మేము అంటాం. రెండు రోజుల తరువాత అతనికి మందుగుండు ఉండదు. వారం తరువాత శత్రువుకు కొత్త బలం వస్తుంది. నిలిచి ఉండడం కూడా ఒక పందెమే, అది అంతకంటె చెడ్డ పందెం. కాన్‌ఫ్లానును గురించి మన పుస్తకాలు వ్రాసినంత తేలికగా మేము వ్రాయలేం. ఇంకొక్క వారం తలుపులు బిగించుకొని కూర్చుంటే గెలుస్తానని అతడు అనుకొన్నాడు. ఆ లెక్క తప్పు కాదు, ఓడలు నిజంగానే వచ్చినవి. అతని తప్పు వేచి ఉండడంలో లేదు, దారి లేదనుకొన్న వైపు కావలి సడలించడంలో ఉన్నది. ఫలితం ఒక్కటే చూచి మార్కులు వేసే ఉపాధ్యాయుడు ఈ రెండింటినీ కలిపి సున్న వేస్తాడు.

సలాబత్ జంగ్ సంగతి వేరు. బెజవాడ నుండి బందరు నాలుగు రోజుల ప్రయాణం కూడ కాదు. అంత సైన్యంతో వచ్చినవాడు చూస్తూ ఉండిపోయినాడు. కోట పడిన తరువాత, అటు తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు మీద కన్ను వేసినాడన్న భయంతో, మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకొన్నాడు. బందరును, దాని చుట్టూ ఉన్న ఎనిమిది జిల్లాలను, నిజాంపట్నం మొదలైనవాటిని వారికి ఇనాముగా ఇచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యం నుండి వెళ్ళగొట్టుతానన్నాడు. ఆరేళ్ళ క్రిందట ఒకరి మీద కాచిన పందెం, ఒక రాత్రి తరువాత మరొకరి మీదికి మారినది. రెండుసార్లూ ఒడ్డిన సొమ్ము మాత్రం ఒకటే. అది మన పల్లెలు. 1762లో ఆ తమ్ముడే అతనిని గద్దె దింపి బీదరు కోటలో ఉంచినాడు. మరుసటి ఏట అక్కడనే అతడు చనిపోయినాడు. క్రీడాకారుని కథ అక్కడ ముగిసినది. పల్లెల కథ ముగియలేదు.

1766 నవంబరు 12న నిజాం అలీ, కుంపిణీ మధ్య హైదరాబాదులో సంధి జరిగినది. సంవత్సరానికి 9 లక్షల రూపాయల పేష్కషు లెక్కన సర్కారులు కుంపిణీ పరమైనవి. ఈ సంధిలో ఒక వినోదం ఉన్నది. కంచికచర్ల దగ్గర పరిటాల, దాని చుట్టుపట్ల కొద్ది గ్రామాలను మాత్రం వజ్రాల గనులున్నవన్న ఆశతో నిజాము తన వద్దనే ఉంచుకొన్నాడని వెనుకటి జిల్లా మాన్యువలు చెబుతున్నది. చుట్టూ ఇంగ్లీషు జిల్లా, నడుమ నిజాము ద్వీపం. లాటరీ చీటీ పారవేయలేక దాచుకొన్న గృహస్థు వలె, ఆ కొద్ది ఊళ్ళను అసఫ్‌జాహీలు 1948 దాకా దాచుకొన్నారు.

నెమలి పొలిమేరకు కొద్ది దూరంలోనే ఈనాడు తెలంగాణ మొదలవుతుంది. మధిర రైలుస్టేషనుకు పోయే ప్రతి విద్యార్థీ ఆ గీతను దాటుతూనే ఉంటాడు. 2014 జూన్ 2న గీచిన గీత అని మనం అనుకొంటాం. గీత పాతదే. ఇవతల మద్రాసు రాజధాని, అవతల నిజాం రాజ్యం. ఇవతల ఒక కోర్టుభాష, అవతల మరొకటి. 1956లో రెండు వైపులూ ఒక రాష్ట్రమైనప్పుడు అది మాసినది, మళ్ళీ తేలినది. ఈ గీతకు మూలమేదని వెదకుకొంటూ పోతే, ఏప్రిలు నెలలో ఒక అర్ధరాత్రి కందకంలో తగ్గిన నీటి దగ్గరకు చేరుతాం. ఆనాడు ఈ పల్లెలలో నాగలి పట్టినవారిని ఫోర్డు అడగలేదు, కాన్‌ఫ్లాన్ అడగలేదు, సలాబత్ జంగ్ అడగలేదు.

ఇక్కడ మనకు సభాపర్వం గుర్తుకు రాక తప్పదు. ధర్మరాజు ఓడిపోవడానికి శకుని మాయపాచికలు కారణమా, ధర్మరాజు వ్యసనం కారణమా, విధి కారణమా అని మనం తరాలుగా వాదించుకొంటున్నాం. ద్రౌపది ఈ ప్రశ్నలలో ఒకటి కూడా అడగలేదు. తనను తాను ఓడిపోయిన తరువాత మరొకరిని ఒడ్డే హక్కు ఆయనకు ఎక్కడిదని మాత్రమే అడిగినది. పాచిక ఎట్లా పడినదన్నది ఆమె ప్రశ్న కాదు, పీట మీద పెట్టిన వస్తువు ఎవరిదన్నది ఆమె ప్రశ్న. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకొన్నాడు. చరిత్రకారులు కూడా చాలామంది అక్కడనే తప్పుకొంటారు.

మా ముస్లిం విద్యార్థులు దీనికి దీటైన మాటను తమ ఇంట విన్నవారే. ఖురాన్ మద్యాన్నీ మైసిర్‌నూ ఒకే వరుసలో చేర్చి, వాటిలో మనుష్యులకు కొంత ప్రయోజనం ఉన్నా పాపం అంతకంటె పెద్దదని చెప్పినది. ఆ కాలపు అరబ్బులు ఒంటెను కోసి భాగాలు వేసి, గుర్తులున్న బాణాలను సంచిలో నుండి లాగి, ఎవరి వంతుకు ఏ భాగమో తేల్చుకొనే ఆటకు మైసిర్ అని పేరు. మాంసం పేదలకు పంచి దాతలమని గర్వించేవారు కూడా ఉండేవారట. ఆ ఆటలో ఎవరి కిస్మత్ ఎట్లా ఉన్నా, ఒంటె కిస్మత్ మాత్రం ముందే నిర్ణయమై ఉంటుంది.

ఈ దృష్టితో మన ప్రాంతానికి సంబంధించిన మరొక పందెం వైపు చూడక తప్పదు. ఇది దగ్గరి గాయం. మా కళాశాల వంటి చోట దీనిని గురించి గొంతు తగ్గించి మాట్లాడుతారు, లేదా మాట్లాడకుండా దాటవేస్తారు. దాటవేయడం విద్యార్థులకు మేలు కాదని మా నమ్మకం.

1947లో ఇంగ్లీషువారు వెళ్ళిపోతున్నప్పుడు హైదరాబాదు ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏ పక్షంలోనూ చేరక స్వతంత్రంగా నిలువవచ్చునని పందెం కాచినాడు. అక్టోబరులో ఒక ఒడంబడిక ఇంచుమించు కుదిరిన వేళ, ఢిల్లీకి బయలుదేరవలసిన రాయబారుల ఇళ్ళను కాసిం రజ్వీ అనుచరులు చుట్టుముట్టి కదలనీయలేదు. నవంబరు 29న యథాతథ ఒడంబడిక మీద సంతకాలైనవి. ఏడాది గడువు దొరికినది. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ దేశం విడిచిపోయే ముందు మరొక ముసాయిదా వచ్చినది. ప్రధాని లాయక్ అలీ వంటివారు అంతకంటె మంచి షరతులు వస్తాయని అనుకొన్నారో, ఇండియా సైన్యం కదలదని అనుకొన్నారో, ఐక్యరాజ్యసమితి అడ్డుపడుతుందని అనుకొన్నారో, నిజాము దానిని కూడా తోసివేసినాడు.

ఇందులో అదృష్టం పాత్ర లేదా అంటే ఉన్నది. సెప్టెంబరు 11న జిన్నా చనిపోయినాడు. 13న సైన్యం ప్రవేశించినది. బెజవాడ వైపు నుండి కూడా ఒక దళం మన జిల్లా మీదుగానే సూర్యాపేట దారిన వెళ్ళినది. భద్రతాసమితి ఫిర్యాదును చర్చకు తీసుకొన్న మరునాడే, 17న, కాల్పుల విరమణ అయినది. ఒక నెల ముందు, ఒక నెల వెనుక ఏమి జరిగేదో అని ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పెద్దలు నిట్టూర్చుతూ ఉంటారు. మాకు ఆ నిట్టూర్పు మీద సానుభూతి ఉన్నది, ఆ లెక్క మీద గౌరవం లేదు. నాలుగు వైపులా భూమి చుట్టుకొన్న రాజ్యం, ప్రజలలో అత్యధికులు మరొక కోరికతో ఉన్న రాజ్యం, రేవు లేని రాజ్యం పెట్టుకొన్న పందెం అది. గెలిచి ఉన్నా అది చెడ్డ పందెమే.

అయినా మా ప్రశ్న అది కాదు. ఒడ్డినది ఎవరి సొమ్ము?

రజాకార్ల దౌర్జన్యాలకు గురి అయిన తెలంగాణ పల్లెలను ముందు చెప్పవలెను. బైరాన్‌పల్లి పేరు ఒక్కటి చాలును. సరిహద్దు దాటి వేలమంది కృష్ణాజిల్లా పల్లెలకు తరలివచ్చి తలదాచుకొన్నారు. ఆ తరువాత రెండవ పద్దు తెరుచుకొన్నది. పోలీసు చర్య వెనువెంట, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, ఏ రజాకారు దళంలోనూ లేని ముస్లిం కుటుంబాలు ఆ ఋణాన్ని చెల్లించినవి. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతుల సంఘం తిరిగి చూచి, చనిపోయినవారు 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా కట్టినది. ప్రభుత్వం ఆ నివేదికను చాలాకాలం ప్రకటించలేదు. పొరుగువారిని ప్రాణాలొడ్డి కాపాడిన హిందువులను గురించి కూడా ఆ నివేదికలో ఉన్నది. అది కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

పందెం కాచినవారి సంగతి? నిజాము 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగా గౌరవంగా ఉన్నాడు. లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుండి తప్పించుకొని పాకిస్తాను చేరినాడు. కాసిం రజ్వీ శిక్ష అనుభవించి 1957లో విడుదలై అతడు కూడా పాకిస్తాను వెళ్ళిపోయినాడు. తోలు సంచిలో చేయి పెట్టి బాణాలు లాగినవారందరూ ఇంచుమించు క్షేమంగా ఇళ్ళకు చేరినారు. వారి పేరు చెప్పి పన్నెండేళ్ళ బాలుడిని కూడా సంజాయిషీ అడగడం ఇప్పటికీ మానలేదు. ఆ బాలుడి తాత ఆనాడు ఏ ఆటలోనూ కూర్చున్నవాడు కాడు.

ఆ ఏడాదిలోనే మరొక రకపు పందెం కాచినవాడు ఒకడున్నాడు. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్. హైదరాబాదు ఇండియాలో కలవడమే ప్రజలకు, ముస్లింలకు కూడా క్షేమమని పేరు పెట్టి వ్రాసినాడు. బెదిరింపులు వచ్చినవి, వ్రాయడం మానలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళుతుండగా దుండగులు కాల్చి, వ్రాసిన చేతిని నరికినారు. తెల్లవారకముందే చనిపోయినాడు. ఇంకొక నాలుగు వారాలు మౌనంగా ఉంటే బ్రతికేవాడు, అతని పందెం కూడా గెలిచేది. దురదృష్టమంటారా? మేము ఆ మాటను ఇక్కడ కూడా వాడలేం. ఆటకు కూర్చున్నవారిలో తన సొమ్మును మాత్రమే పీట మీద పెట్టినవాడు ఆయన.

మా మాటకు ఒక ఎదురుమాట వస్తుందని తెలుసు. ప్రభువైనవాడు, మంత్రి అయినవాడు ప్రజల సొమ్మునే గదా ఒడ్డగలడు? ఆనకట్ట కట్టినా, సంధి చేసినా, యుద్ధం మానినా అందులో ఎంతో కొంత జూదం ఉంటుంది, ప్రతి పల్లెనూ అడిగి నిర్ణయించడం కుదిరే పనియా అని. కుదరదు. నిర్ణయాలు చీకటిలోనే జరుగుతాయి, అందుకే ఫోర్డునూ కాన్‌ఫ్లానునూ ఒకే తక్కెడలో తూచవలెనని పైన చెప్పినాం. కాని ఇతరుల సొమ్ము ఒడ్డేవాడు, ఓడిపోయిన నాడు 'కిస్మత్' అని చేయి దులుపుకొనే హక్కును ఆటకు కూర్చునే ముందే వదులుకోవలెను. తన పొలంలో పత్తి గింజ నాటే నెమలి రైతు కూడా ఆకాశం మీద పందెం కాస్తున్నాడు. పోతే తన విత్తనం పోతుంది, తన ఎరువు పోతుంది, తన అప్పు మిగులుతుంది. అదృష్టం బాగులేదని అనే అధికారం అతనికి ఉన్నది.

క్లైవును గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. బందరు గెలిచిన ఆ ఫోర్డే అదే ఏడాది నవంబరులో బెంగాలులో డచ్చివారికి ఎదురుగా నిలిచి, యుద్ధానికి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెనని కబురు పంపినాడు. ఆ సమయానికి క్లైవు పేకాడుతున్నాడట. ముక్కలు క్రింద పెట్టకుండానే, వచ్చిన ఉత్తరం వెనుకవైపు పెన్సిలుతో, వెంటనే యుద్ధం చేయమనీ, మండలి ఉత్తర్వును రేపు పంపుతాననీ వ్రాసి ఇచ్చినాడని చెబుతారు. నిజమో కాదో గాని, సరిపోయిన కథ. ఫోర్డు ఆ యుద్ధం కూడా గెలిచినాడు. పదేళ్ళ తరువాత కుంపిణీ వ్యవహారాలను చక్కదిద్దడానికి మళ్ళీ ఇండియాకు బయలుదేరిన ఓడ 'అరోరా' ఆఫ్రికా కొస దాటిన తరువాత ఏమైనదో ఎవరికీ తెలియలేదు. అందులో ఫోర్డు కూడా ఉన్నాడు.

చరిత్ర శాఖవారికి మాదొక విన్నపం. పరీక్షలో 'మచిలీపట్నంలో ఫ్రెంచివారి ఓటమికి కారణాలు వ్రాయుము' అని ఐదు మార్కుల ప్రశ్న ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నది. పిల్లలు కుక్కుటశాస్త్రం వలె ఐదు సూత్రాలు అప్పగించి మార్కులు తెచ్చుకొంటున్నారు. దానికి బదులు, 'ఏప్రిలు 6వ తేదీ రాత్రి నీవు కాన్‌ఫ్లాన్ స్థానంలో ఉంటే, నీకు తెలిసినంతలో ఏమి చేస్తావు?' అని ఒకటి, 'ఆ రాత్రి కొండపల్లి సర్కారులోని ఒక రైతుకు ఏమేమి పణంగా ఉన్నవి?' అని ఒకటి ఇచ్చి చూడవలెను. 1948 మీద ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే వేదిక మీద మాట్లాడే వక్తృత్వ పోటీ ఒకటి పెడితే ఇంకా మంచిది. ఆ పోటీకి మేమే పుస్తకాలు కొని బహుమతులిస్తాం. డబ్బు రూపంలో మాత్రం ఇవ్వం, కమిటీవారు దానిని పందెమంటారేమో.